తేల్చుకోనివాళ్ళు

పోయిన వారం మనం మూడో అంతస్తులో, బస్సు కండక్టరు గారి గదిలో ఆగాం. బల్ల మీద రెండు కప్పులు, వాటి మధ్య రికార్డరు, దాని మీద వెలుగుతున్న ఎర్రని చుక్క. ఎదురుగా కుర్చీ అంచున సర్వే మనిషి. ఆమె ఇంకా మొదటి ప్రశ్న చదవనైనా లేదు, రిటైరైన ఆ పెద్దాయన గొంతు సవరించుకుని, "ఈసారి నిజం చెబుతానమ్మాయ్" అన్నాడు.

ఆమె గుండెల్లో రాయి పడినట్టయింది.

ఎందుకు పడదు? ఊళ్ళో జనం ఓటు ఎవరికి వేస్తారు, ఎందుకు వేస్తారు, మనసు ఎప్పుడు మార్చుకుంటారు అని యూనివర్సిటీ ప్రొఫెసరు గారు ఏళ్ళ తరబడి చేస్తున్న పరిశోధన అది. ప్రతి ఎన్నికకూ అవే ఇళ్ళకు వెళ్ళాలి, అవే మాటలతో అడగాలి. ఫలానా పార్టీకి అని తేల్చి చెప్పినవాళ్ళ తలుపు మళ్ళీ వచ్చే ఎన్నికదాకా తట్టనక్కర్లేదు. ఇంకా తేల్చుకోలేదు అన్నవాళ్ళ దగ్గరికి మాత్రం పోలింగు దాకా వారం వారం వెళ్ళాలి. కండక్టరు గారు ఏ ఎన్నికలోనూ తేల్చుకోలేదు. ఆయనలాంటి వాళ్ళ మీదే ప్రొఫెసరు గారు పుస్తకం రాస్తున్నారు. ఇదే ఆఖరి విడత అని ఆమె కండక్టరు గారికి ఫోనులో ముందే చెప్పింది.

ఆ గదికి రాకముందే ఆమె ఒక వీడ్కోలును దిగమింగుకుని ఉంది. తన చేతుల మీద పెరిగిన చెల్లెలు నర్సు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి, "అక్కా, వెళ్ళనా, వద్దా?" అని అడిగింది. "నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యి" అంది ఈమె. అది సర్వేలో వాడే మాట. నాలుక మీద అదే ఉంది, అదే వచ్చేసింది. "నాక్కూడా సర్వేనా అక్కా" అని నవ్వి, చెల్లెలు మొహం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకున్న మొహమే ఈమెకు ఇప్పుడు రోజూ కనిపిస్తోంది, అన్నం ముందు కూర్చున్నా, తలుపు తాళం తీస్తున్నా.

సర్వే పనికి కట్టుబాట్లు ఎక్కువ. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదవాలి. ఏ జవాబుకూ మొహం విప్పారకూడదు, చిన్నబోకూడదు. బాబాయ్, పిన్నీ అని వరసలు కలపకూడదు. అలాగేనండి, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా, మీకు ఎలా అనిపిస్తే అలా చెప్పండి. ఈ మాటలు తప్ప సొంతంగా ఏమీ అనకూడదు. అన్నీ అయ్యాక "ఇంతటితో ఇంటర్వ్యూ ముగిసింది, ధన్యవాదాలు" అనాలి. అది అన్నాకే మీట నొక్కి రికార్డరు ఆపాలి. ఒకసారి రికార్డరు మీద పడిన మాటను సిబ్బంది ఎవరూ చెరపకూడదు. మధ్యలో ఆపమని అడిగే హక్కు జవాబు చెప్పే మనిషి ఒక్కరిదే.

ఆమె ప్రశ్న చదివింది. "రాబోయే ఎన్నికలో మీరు ఎవరికి ఓటు వేయాలనుకుంటున్నారు?" పార్టీల గుర్తులున్న కార్డును ఆయన ముందుకు జరిపింది.

ఇన్నేళ్ళూ ఆయన ఆ కార్డును అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని, కిటికీలోంచి వీధిని కాసేపు చూసి, "ఏమో అమ్మాయ్, ఇంకా తేల్చుకోలేదు" అనేవాడు. ఈసారి కళ్ళజోడు తీయలేదు. సొంత ఇంట్లో చీకట్లో స్విచ్చి మీదికి చెయ్యి వెళ్ళినట్టు ఆయన వేలు తిన్నగా వెళ్ళి ఒక గుర్తు మీద ఆగింది.

"ఇదే. మూతి మీద మీసం రాకముందు నుంచీ ఇదే."

"అలాగేనండి."

"అలాగేనండి ఏమిటి? కొంచెమైనా ఆశ్చర్యపోవా?"

"ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

"చెప్పదలచుకోబట్టే కదా పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంది." ఆయన కప్పు ఆమె వైపు జరిపాడు. ఏదీ పుచ్చుకోకూడదన్నది ఇంకో కట్టుబాటు. ఆయన ప్రతిసారీ జరుపుతాడు, అది ప్రతిసారీ చల్లారుతుంది. "కింద పళ్ళ డాక్టరు గారి భార్య ఉందా? మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు ఆవిడ గుమ్మంలోనే పార్టీ పేరు చెప్పేసి తలుపేసుకుంది. ఆవిడ గొంతు తెలుసు కదా, మెట్లన్నీ విన్నాయి. తర్వాత నువ్వు పైకి వచ్చావు. నాకు ఆ రోజు నిజంగానే ఏమీ తోచలేదు. మా ఆవిడ పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఏమో అన్నాను. పై వారం మళ్ళీ వచ్చావు. ఆ పై వారం మళ్ళీ వచ్చావు. కింద బెల్లు మాత్రం కొట్టలేదు."

ఆమె పెన్ను కాగితం మీదే ఉంది, కదలడం లేదు.

"అప్పుడు నాకు అర్థమైంది, తేల్చి చెబితే దిగిపోతావని. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎక్కడికి, ఎక్కడికి అని జనాన్ని నేను అడిగాను. కూర్చుని, నా మాట మధ్యలో తెంచకుండా, నన్ను అడిగిన మనిషివి నువ్వే. ఎందుకు చెబుతాను?"

"మీరు కావాలంటే రికార్డరు ఆపవచ్చండి" అంది ఆమె. ఆ మాట అనడానికి అనుమతి ఉంది. "ఆపమని అడిగే హక్కు మీకుంది."

"ఎందుకు ఆపడం? కొట్టిన టికెట్టు వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు."

"మీకు ఆ హక్కు ఉందని మరోసారి..."

"ఉందిలేమ్మా. ఉండనీ."

ఆపమని అడగండి, ఒక్క మాట అనండి అని ఆమె లోపల బతిమాలుకుంటోంది. ఈ మాటలు సాయంత్రానికి ప్రొఫెసరు గారి చెవిన పడతాయి. ఇన్నేళ్ళుగా కండక్టరు గారు చెప్పిన జవాబులన్నీ అబద్ధాల కింద తేలిపోతాయి. ఆయన మాత్రం పక్కనున్న పేపరు తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

"మీ సారు పేపర్లో రాసింది చదివాను. మనసు తేల్చుకోలేక పోలింగు రోజున ఇంట్లో కూర్చుండిపోయే మనుషులట. రాజకీయం మీద పట్టింపు పోయినవాళ్ళట. నా పేరు లేదనుకో, నన్ను నేను గుర్తుపట్టనా? పట్టింపు లేకపోవడమేమిటి? తెల్లారి లేస్తే రేడియోను తిడుతూనే ఉంటాను. పట్టనివాడు అంత ఓపిగ్గా తిడతాడా?"

ఆమె పెదవి కొసకు నవ్వు వచ్చింది. కాగితం వంక చూసి దాన్ని అక్కడే ఆపుకుంది. "ఓటు వేయలేదని మీరే చెప్పారు కదండీ, ప్రతిసారీ." అన్నాక తెలిసింది, ఆ ప్రశ్న కాగితం మీద లేదని.

"వేయలేదు. అది అబద్ధం కాదు." ఆయన మోకాళ్ళ మీద అరచేతులు పెట్టుకున్నాడు. "మెట్లు. ఎక్కడం గోడ పట్టుకుని ఎలాగో ఎక్కుతాను. దిగడమే చేతకాదు, కాళ్ళు వణుకుతాయి. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ తను ముందు ఒక మెట్టు దిగేది, నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి దిగేవాణ్ణి. కొట్టువాళ్ళు సరుకులు పైకి పంపుతారు. ఓటు పెట్టె పైకి పంపరు కదా."

"కింద డాక్టరు గారిని అడగకపోయారా?"

"అడిగాను. తీసుకెళతాం, మా పార్టీకే వేయాలి అన్నారు. దానికంటే పన్ను పీకించుకోవడానికైనా ఒప్పుకునేవాణ్ణేమో."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. చిన్న నవ్వే, కాని రికార్డరు మీద పడింది. ఆయన దాన్ని విని, ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన బస్సు మలుపులో కనిపించినట్టు మొహం పెట్టాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. "ఆదివారమే కదా పోలింగు. పొద్దున్నే, రద్దీ లేకముందు. నువ్వు ఒక మెట్టు ముందు దిగితే చాలు. ఎవరికి వేస్తానో ఎలాగూ తెలుసు నీకు, దాచుకునేది కూడా లేదు."

గుమ్మం పక్కన నల్ల బూట్లు ఉన్నాయి. వచ్చేటప్పుడు ఆమె వాటిని చూడలేదు. మెరిసేలా తుడిచి, లేసులు వదులు చేసి, తలుపు వైపు తిప్పి పెట్టి ఉన్నాయి.

కట్టుబాట్లలో అన్నిటికన్నా పైన రాసింది అదే. జవాబు చెప్పే మనిషిని పోలింగుకు తీసుకెళ్ళకూడదు. తీసుకెళితే ఆ రోజుతో పని పోతుంది. పని పోతే ఈ గదే కాదు, ఆమె ఏళ్ళ తరబడి తిరిగిన, కొత్త పరిశోధనలో మళ్ళీ దక్కుతాయనుకున్న ఇళ్ళన్నీ పోతాయి. చెల్లెలు లేని ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ ఇళ్ళే.

"మీకు ఎలా అనిపిస్తే..." అన్నది నాలుక కొస దాకా వచ్చింది. బస్సు కిటికీలో అటు తిరిగిపోయిన మొహం కళ్ళముందు మెదిలింది. పళ్ళు బిగపట్టి ఆ మాటను లోపలికే తోసేసింది.

లేచింది. కార్డులు సంచీలో పెట్టింది. ఇక ముగింపు మాట చెప్పాలి. ఈసారి అది చెబితే ఈ గదిలోకి మళ్ళీ రావడానికి ఏ సాకూ ఉండదు. ఇంతటితో అన్న ఒక్క మాట గొంతులోకి వచ్చి, చేపముల్లులా అడ్డం పడింది. రికార్డరు తీసి కార్డుల పక్కన పడేసుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆయన వెనక కిటికీ తెరిచి ఉంది, ఆయన చొక్కా కాలరు గాలికి కొట్టుకుంటోంది.

"కిటికీ వేసుకోండి బాబాయ్, గాలి తగులుతుంది."

"ఏమన్నావు?" అన్నాడు ఆయన.

ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది. ఎన్నోసార్లు దిగిన మెట్లే, ఇవాళే చూసింది వాటిని. అంచులు అరిగిపోయి ఉన్నాయి, మలుపులో కమ్మీ ఊడి ఉంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. కుడి భుజం బిగించి పెట్టుకుని దిగుతున్నానని వీధిలోకి వచ్చాక గాని తెలియలేదు.

ఆఫీసుకు వెళ్ళే బస్సులో చెల్లెలికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఉంటుంది అనుకుంది. ఉంటుందా, లేక తన పేరు చూసి పక్కన పెట్టేసిందా? ఆ రెండోది మనసులో పడ్డాక ఇక కిటికీ బయట ఏ వీధి వెళుతోందో ఆమెకు పట్టలేదు.

ఆఫీసులో ప్రొఫెసరు గారూ, స్కేలమ్మా ఉన్నారు. స్కేలమ్మ అంటే సూపర్‌వైజరు. ప్రతి కాగితం మీదా వరస కింద వరసకు స్కేలు జరుపుకుంటూ తప్పులు వెతుకుతుంది కాబట్టి ఆ పేరు. సాయంత్రానికి ఎలాగూ వింటారు, నోటితో ముందే చెబితే కండక్టరు గారికి కాస్త మర్యాద దక్కుతుందనుకుని, ఈమె నిలబడే అంతా చెప్పేసింది. పళ్ళ డాక్టరు గారి భార్య, వారం వారం రాకలు, మెట్లు, బూట్లు. బాబాయ్ అన్న మాట ఒక్కటే చెప్పలేదు.

ప్రొఫెసరు గారు అంతా విని కోప్పడలేదు. మెత్తని మనిషి, ఎవరినీ కసరడం ఆయనకు రాదు. పుస్తకం కాగానే, పుస్తకం కాగానే అని ఇంట్లో వాళ్ళకు ఎన్నో వాయిదాలు వేసుకుంటూ వచ్చినవాడు. లేచి గోడ మీది ఊరి పటం దగ్గరికి వెళ్ళాడు. పటంలో పసుపు పిన్నులు తేల్చుకోనివాళ్ళ ఇళ్ళు.

"ఇవన్నీ ఎవరి వీధులు?" అన్నాడు, తెలిసే.

"ఈవిడవే సార్" అంది స్కేలమ్మ. "మిగతావాళ్ళ వీధుల్లో ఒకటి రెండు ఎన్నికలకు తేల్చుకున్నారు. ఈ వీధుల్లోనే ఎప్పుడూ తేల్చుకోరు. ఆ ప్రాంతం తీరే అంత అనుకున్నాం. పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయం కూడా ఉంది."

ఆ పిన్నులు ఈమెకు పిన్నులు కావు. ఒకటి వయొలిన్ టీచరు, ఈమె కుర్చీని ఎప్పుడూ ఎండ పడని చోటికి జరిపి ఉంచుతుంది. ఒకటి గడియారాల కొట్టాయన, ఈమె వెళ్ళగానే మోగే గడియారాలన్నిటికీ నోరు నొక్కేస్తాడు. ఒకటి ఆసుపత్రి బట్టలు ఉతికి ఉతికి చేతులు పాడుచేసుకున్న ఆవిడ, పై వారం ఏ రోజు వస్తావని రెండుసార్లు అడుగుతుంది.

"వాళ్ళు కూడానా?" అన్నాడు ప్రొఫెసరు.

"తెలీదండి. అది అడగడానికి నాకు మీరు ప్రశ్న ఇవ్వలేదు."

ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు నులుముకున్నాడు. "చూడండమ్మా. ఒక్క మనిషి కోసం ఇన్నేళ్ళ పని పడగొట్టుకోలేం. ఆయన్ని పక్కన పెడదాం. వయసు మీద పడింది, జ్ఞాపకం తప్పుతోంది అని ఒక మాట రాసి, ఆ ఇంటిని తీసేద్దాం. ఇలాంటివి ప్రతి సర్వేలోనూ ఒకటో రెండో ఉంటాయి. మీరు ఒప్పుకుని సంతకం పెట్టండి. పోలింగు అయ్యేదాకా ఆ వైపు వెళ్ళవద్దు."

"ఆయనకు జ్ఞాపకం బాగానే ఉంది సార్. మొదటిసారి నేను ఏ రంగు గొడుగు పట్టుకొచ్చానో అడగండి, చెబుతాడు."

"మీ మంచికే చెబుతున్నారు" అంది స్కేలమ్మ. గొంతులో విసుగు లేదు. "కొత్త పరిశోధన మొదలవుతోంది. సంతకం పెడితే ఆ ఇళ్ళన్నీ మళ్ళీ మీకే ఇస్తారు. పోయేది ఒక్క గది. పెట్టకపోతే అన్నీ పోతాయి. ఆలోచించుకోండి."

ఒక్క గది. చల్లారిన కప్పు, తలుపు వైపు తిరిగిన బూట్లు. ఆ మనిషి తన జీవితంలో దాచుకున్న ఒకే ఒక్క నిజాన్ని తీసి బల్ల మీద పెడితే, మతిమరుపు అని రాసి మూత పెట్టేయాలి. అలా చేస్తే వయొలిన్ టీచరు కుర్చీ ఉంటుంది, గడియారాల కొట్టు ఉంటుంది. వారంలో కొన్ని సాయంత్రాలకైనా ఎవరో ఒకరు ఎదురుచూస్తారు.

"ఏమంటారు?" అన్నాడు ప్రొఫెసరు.

"ఇంకా తేల్చుకోలేదండి" అంది ఆమె.

వెటకారానికి అన్నది కాదు. స్కేలమ్మ చేతిలో పెన్ను ఆగింది. ప్రొఫెసరు గారు మాత్రం అలవాటు కొద్దీ, తనే ఎప్పుడో రాసిన ఆ తర్వాతి ప్రశ్న అడిగేశాడు. "తేల్చుకోకపోయినా, మీ మనసు కాస్తయినా ఏ వైపు మొగ్గుతోంది?"

ఆ ప్రశ్న ఆమె ఎన్ని గుమ్మాల్లో, ఎంతమందిని అడిగిందో లెక్క లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ముక్కు దూలం దగ్గర మంట పుట్టి, కళ్ళలోకి పాకింది.

ఆమె ఏడుస్తుందేమోనని స్కేలమ్మకు భయం వేసినట్టుంది. "ముందు రికార్డరు ఇలా ఇవ్వండి" అంది చెయ్యి చాచి.

ఆమె సంచీ తెరిచింది. కార్డులు పక్కకు జరిపింది. అడుగున, చీకట్లో, ఎర్రని చుక్క వెలుగుతూనే ఉంది.

ముగ్గురూ దాన్ని చూశారు. స్కేలమ్మ వేలు మీట దాకా వెళ్ళింది.

"ముట్టుకోవద్దు" అన్నాడు ప్రొఫెసరు. ఆయన మొహం పాలిపోయింది. పక్కన పెడదాం, జ్ఞాపకం తప్పుతోంది అని రాద్దాం, ఒక్క మనిషి కోసం. అన్నీ పడ్డాయి అందులో. ఆయన తలకు పైన, గోడ మీద, ఆయనే అచ్చు వేయించి అంటించిన కట్టుబాట్ల కాగితం ఉంది.

"ముగింపు మాట చెప్పలేదా మీరు?" అంది స్కేలమ్మ నెమ్మదిగా.

"లేదండి. నోరు రాలేదు."

"అంటే ఇంటర్వ్యూ ఇంకా నడుస్తోంది."

"నడుస్తోందండి. ముగించాలంటే ఆయన ఎదురుగా నేను ఆ మాట చెప్పాలి. నేను మళ్ళీ ఆ గదికి వెళ్ళాలి." ఆమె సంచీ మూసి చంకన పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, తడిగానే ఉండనిచ్చింది.

ప్రొఫెసరు గారు కోటు అందుకున్నాడు. ఇన్నేళ్ళ పరిశోధనలో ఆయన జవాబు చెప్పే మనిషి ఒక్కరి గడపా తొక్కలేదు. "పదండి, నేనూ వస్తాను" అన్నాడు. "రికార్డరు ఆపేయమని అడిగే హక్కు ఆయనకు మొదటి నుంచీ ఉంది. చెప్పిందంతా వెనక్కి తీసుకుని, రికార్డరులో పడినదంతా చెరిపేయమనే హక్కు కూడా ఉంది. అది ఆయనకు నేనే చెబుతాను."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒక్క మాట లేదు. సంచీలో ఆ చుక్క బస్సు చప్పుడంతా వింటూ వచ్చింది. కండక్టరు గారి ఇల్లు చేరాక ఆమె ముందు, ఆయన వెనక మెట్లెక్కారు. కమ్మీ ఊడిన మలుపు దగ్గర ప్రొఫెసరు గారు ఆయాసపడి గోడ పట్టుకున్నాడు. అంతా వెనక్కి తీసుకోమని ఈయన ఆ ముసలాయన్ని ఏ మాటతో ఒప్పిస్తాడు, తను అప్పుడు ఎటు నిలబడాలి? ఆమె అదే అనుకుంటూ ఇంకో మెట్టు ఎక్కింది.

పైన తలుపు తెరుచుకుంది. ఇన్నేళ్ళూ ఒక్క మనిషి అడుగుల చప్పుడే విని గుర్తుపట్టిన ముసలాయన మెట్ల మీదికి వంగాడు.

"అమ్మాయ్, వెనకాల ఆ రెండో టికెట్టు ఎవరిది?"